అడగండి, చెబుతాం: ఫ్రెంచి రాజకుమారులు, రాజకుమార్తెలు

గత సంచికలో ఫ్రాన్సు దేశపు కోటల మీద వ్యాసం వెలువడిన తరువాత ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కోటల నిర్మాణం గురించి అడిగినవారు తక్కువ, వాటిలో పుట్టి పెరిగిన రాజకుమారుల గురించి, రాజకుమార్తెల గురించి అడిగినవారే ఎక్కువ. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకు నూరేళ్లు నిద్రపోయిన రాకుమారి కథ చెబుతుంటే, "ముద్దు పెడితే అంత నిద్రా వదిలిపోతుందా టీచర్" అని ఒక అమ్మాయి అడిగి తరగతినంతా నవ్వించింది. ఫ్రెంచి మూలంలో ఆ ఘట్టం ఎలా ఉంది?
– ఒక ఉపాధ్యాయిని, గద్వాల

జవాబు: మీ విద్యార్థిని అనుమానం సబబైనదే. షార్ల్ పెరో 1697లో పారిస్‌లో ప్రచురించిన కథలో అసలు ముద్దే లేదు. రాకుమారుడు వణుకుతూ దగ్గరికి వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు; శాపానికి పెట్టిన నూరేళ్ల గడువు సరిగ్గా అప్పుడే తీరుతుంది కాబట్టి ఆమె తనంతట తానే కళ్లు తెరిచి, "మీరేనా రాకుమారా? చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది" అంటుంది. ముద్దు ప్రస్తావన జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలోది. ఇప్పుడు పిల్లల పుస్తకాలలో కనిపించే కథ ఈ రెండింటి కలగలుపు.

పెరో రాజాస్థానాన్ని దగ్గరగా చూసినవాడు కాబట్టి ఆయన కథలో ఆస్థానపు వాసన అడుగడుగునా తగులుతుంది. మేలుకున్న రాకుమారి ఒంటి మీద ఉన్నది నూరేళ్ల కిందటి దుస్తులు. మెడ దగ్గర ఎత్తుగా నిలబడే పట్టీ చూసి, తన నాయనమ్మ కూడా ఇలాగే ముస్తాబయ్యేదని రాకుమారుడికి తోస్తుంది, కానీ ఆ మాట పైకి అనకుండా జాగ్రత్తపడతాడు. వాయిద్యగాళ్లు వాయించేవి కూడా ఆ పాత రాగాలే. పెళ్లయ్యాక రెండేళ్ల పాటు ఆ సంగతిని అతడు తల్లిదండ్రుల దగ్గర దాస్తాడు. ఎందుకంటే అతడి తల్లి రాక్షస జాతి స్త్రీ, ఆమెకున్న ఆస్తిని చూసే రాజు ఆమెను చేసుకున్నాడని పెరో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ వాక్యం రాక్షసుల గురించినదని నేను అనుకోను. కథ రెండో సగంలో ఈ అత్తగారు మనవరాలిని ఉల్లిపాయ, ఆవాల పులుసుతో వండి పెట్టమని వంటల అధికారికి ఆజ్ఞ ఇస్తుంది. అతడు పిల్లను దాచి గొర్రెపిల్ల మాంసం వడ్డిస్తాడు. చివరికి తాను సిద్ధం చేయించిన పాముల తొట్టిలో ఆమే దూకి చస్తుంది. తరగతిలో మొదటి సగం వరకు చెప్పి ఆపినా తప్పులేదు.

ఆ పుస్తకాన్ని అంకితం పుచ్చుకున్న అమ్మాయి కూడా నిజమైన రాజకుమార్తే. ఆమె పదునాలుగో లూయీ రాజు తమ్ముడి కూతురు ఎలిజబెత్ షార్లోత్. పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, ఒక యుద్ధ సంధి తరువాత కుదిరిన ఏర్పాట్లలో భాగంగా, ఆమెను లోరెన్ ప్రభువుకిచ్చి పెళ్లి చేశారు. భర్త పోయాక కొంతకాలం ఆమె రాజ్యభారం కూడా మోసింది. ఫ్రెంచి విప్లవంలో గిలటిన్ కింద ప్రాణాలు విడిచిన రాణి మరీ ఆంత్వానెత్ ఈమెకు కొడుకు కూతురు.

ప్రశ్న: మా మండలంలోని చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణాన్ని తెలుపుతుంది. ఆ కాలంలో ఫ్రాన్సులో రాజు కూతురు సింహాసనం ఎక్కగలిగేదా?
– విశ్రాంత ఉద్యోగి, నకిరేకల్

జవాబు: రుద్రమదేవి కన్నుమూసిన 1289 నాటికి ఫ్రాన్సులో ఈ ప్రశ్న తలెత్తనే లేదు. 987లో రాజైన హ్యూ కాపే మొదలుకొని మూడు వందల ఏళ్లకు పైగా ప్రతి రాజుకూ ఒక కొడుకు మిగులుతూ వచ్చాడు. రుద్రమ పోయిన ఇరవై ఏడేళ్లకు, 1316లో, ఆ వరుస తెగింది. పదో లూయీ చనిపోయేనాటికి అతడికి జాన్ అనే చిన్న కూతురు ఉంది, రాణి గర్భవతి. నవంబరులో పుట్టిన మగబిడ్డ నాలుగైదు రోజులే బతికాడు. అప్పుడు లూయీ తమ్ముడు ఫిలిప్ మేనకోడలిని పక్కకు తప్పించి కిరీటం పెట్టుకున్నాడు. 1317లో ప్రముఖుల సభ ఒకటి స్త్రీకి ఫ్రాన్సు సింహాసనం మీద వారసత్వం లేదని తేల్చింది. అతడికీ కూతుళ్లే మిగలడంతో, తాను పెట్టిన నియమమే అతడి బిడ్డలకూ అడ్డం వచ్చింది. 1328లో ఆ అన్నదమ్ముల్లో మూడోవాడూ కొడుకు లేకుండా పోవడంతో కిరీటం పినతండ్రి కొడుకైన వాల్వా ఫిలిప్‌కు వెళ్లింది. తల్లి వైపు నుంచి తనకూ హక్కుందని ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు లేవదీసిన వాదం, 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధానికి ఒక కారణం. 'సాలిక్ చట్టం' పేరుతో ఈ నిషేధానికి పురాతన ఫ్రాంకుల స్మృతిని ఆధారంగా చూపడం ఆ తరువాతి మాట. ముందు పని జరిగింది, దానికి శాస్త్రం వెనక వెతికారు.

జాన్ మాత్రం 1328లో పక్కనున్న నవార్ రాజ్యానికి రాణి అయింది, ఎందుకంటే అక్కడ ఆడవారికి అడ్డులేదు.

కిరీటం లేకపోయినా అధికారం చేతికి రాకుండా పోలేదు. 1483లో పదకొండో లూయీ చనిపోయినప్పుడు వారసుడు పదమూడేళ్ల పిల్లవాడు. రాజ్యాన్ని కొన్నేళ్లు నడిపింది అతడి అక్క ఆన్. బ్లాంష్, కాతరీన్ వంటి రాజమాతలు కొడుకుల పేరిట పాలించారు. అయినా ఆ గద్దె తనదని చెప్పుకోవడానికి వారిలో ఎవరికీ వీలు లేదు. తండ్రి బతికుండగానే పాలనలో భాగమై, ఆ తరువాత తన పేరిటే ఏలిన రుద్రమ స్థితి వేరు.

మిగిలిన రాజకుమార్తెలకు పెళ్లి, లేకపోతే మఠం. పదిహేనో లూయీకి ఎనిమిది మంది కూతుళ్లు. వారందరిలో పెళ్లయింది ఒక్క పెద్దమ్మాయికే, అదీ స్పెయిన్ రాజు కొడుకుతో. తక్కువ ఇంటికి ఇవ్వకూడదు, కాథలిక్కు కాని ఇంటికి ఇవ్వకూడదు, ఇక సంబంధాలు ఎక్కడినుంచి వస్తాయి? 1738లో నలుగురు చిన్న పిల్లలను పెంపకం కోసం ఫోంత్‌వ్రో మఠానికి పంపారు. అప్పటికి చివరిదైన లూయీజ్‌కు ఏడాది కూడా నిండలేదు, ఆమె తిరిగి వెర్సాయ్ రాజభవనం చేరేసరికి పదమూడేళ్లు వచ్చాయి. నలుగురిలో ఒక పిల్ల అక్కడే చనిపోయింది. లూయీజ్ 1770లో తన ఇష్టం మీద సన్యాసం పుచ్చుకుని సాన్ దెనీ మఠంలో చేరింది. అదేలాద్, విక్తోర్ అనే అక్కలిద్దరు విప్లవకాలంలో దేశం వదిలి, ఊరూరూ తిరిగి, చివరికి త్రియెస్తే పట్టణంలో ఏడాది వ్యవధిలో కన్నుమూశారు.

ఎదురుతిరిగినవారూ లేకపోలేదు. పదునాలుగో లూయీకి స్వయానా పినతండ్రి కూతురైన మోంపాన్సియే 1652 అంతర్యుద్ధంలో బాస్తీ కోట నుంచి రాజు సైన్యం మీదికే ఫిరంగులు పేల్పించింది. దేశంలోకెల్లా ధనవంతురాలైన ఈమె నలభై దాటాక, 1670లో, లోజాన్ అనే తక్కువ స్థాయి ప్రభువును చేసుకుంటానని పట్టుబట్టింది. రాజు ముందు సరేనని, కొద్ది రోజులకే మాట వెనక్కి తీసుకున్నాడు. మరుసటి ఏడు లోజాన్‌ను కోటలో బంధించారు.

ప్రశ్న: చరిత్ర పుస్తకాలలో కోందే రాకుమారుడు, కోంతి రాకుమారుడు అని కనిపిస్తారు. వీరు రాజుల కొడుకులు కారు కదా, రాకుమారులు ఎట్లయ్యారు?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అచ్చంపేట

జవాబు: రాజు పెద్దకొడుకుకు 'దోఫాన్' అని బిరుదు. దోఫినే అనే ప్రాంతపు ప్రభువు అప్పుల్లో మునిగి 1349లో తన రాజ్యాన్ని ఫ్రాన్సు రాజవంశానికి అమ్ముకున్నాడు. అక్కడి ప్రభువుల బిరుదు, వారి పతాకం మీది డాల్ఫిన్ చేప గుర్తు రెండూ యువరాజుకు దక్కాయి. అయితే ఆ బిరుదు దక్కితే కిరీటం దక్కినట్టు కాదు. పదునాలుగో లూయీ కొడుకు యాభై ఏళ్ల దాకా యువరాజుగానే ఉండి 1711లో మశూచితో పోయాడు. అతడి తండ్రి రాజు, అతడి రెండో కొడుకు స్పెయిన్‌కు రాజు, మధ్యన అతడు మాత్రం రాజు కాలేదు.

రాజవంశంలో మగ సంతతి ద్వారా దిగివచ్చిన దాయాదులందరూ 'రక్తసంబంధ రాకుమారులు'. ఎన్ని తరాలు దాటినా ఆ హోదా పోదు, ఎందుకంటే పెద్ద శాఖ అంతరించినప్పుడు వారసులు వారే. కోందే శాఖ ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ పినతండ్రి నుంచి మొదలైంది. ఆ వంశపు చివరి కుమారుణ్ణి నెపోలియన్ 1804లో వాన్సెన్ కోట కందకంలో కాల్పించాడు. తండ్రి 1830 దాకా బతికి నిర్వంశుడిగా పోయాడు.

వీరు కాక, ఫ్రాన్సు వెలుపల తమకు ఒకనాడు రాజ్యాధికారం ఉండేదని చెప్పుకుని 'విదేశీ రాకుమారులు'గా చెలామణీ అయిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బ్రిటనీ పాత పాలకుల సంతతి తామని చెప్పుకున్న రోహాన్ వంశం అందులో పేరెన్నిక గన్నది. "రాజును కాలేను, డ్యూక్ కావడం నాకు తగదు, నేను రోహాన్‌ను" అన్నది ఆ ఇంటి నినాదంగా ప్రసిద్ధం. ఈ పట్టుదలకు అర్థం తెలియాలంటే వెర్సాయ్ గదుల్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారో చూడాలి. రాజు, రాణి సమక్షంలో చేతుల కుర్చీ వారికి తప్ప ఎవరికీ లేదు. డ్యూకుల భార్యలకు, రాకుమారి హోదా ఉన్న స్త్రీలకు ఆనుకునే వీలు లేని చిన్న పీట వేసేవారు. డ్యూకుల కంటే కింది మెట్టు ప్రభువులైన మార్క్విల భార్యలు, కౌంట్ల భార్యలు ఎంత ఆస్తిపరులైనా గంటల తరబడి నిలబడాల్సిందే. ఆ పీట కోసం జరిగిన తగవులు, రాసుకున్న ఫిర్యాదులు ఇన్నీ అన్నీ కావు. మన పెళ్లి పందిళ్లలో ముందు వరుస కుర్చీ దక్కలేదని అలిగి వెళ్లే చుట్టాలను చూసినవారికి ఇది వింతగా తోచదు.

ప్రశ్న: మా అమ్మమ్మ నాగకన్య మనిషిని పెళ్లాడిన కథ చెప్పేది. ఫ్రెంచివాళ్లకు ఇటువంటి కథలున్నాయా?
– గృహిణి, కొల్లాపూర్

జవాబు: ఉంది, పైగా అది ఒక నిజమైన ప్రభు వంశపు పుట్టుక కథ. పశ్చిమ ఫ్రాన్సులోని ప్వాతూ ప్రాంతంలో లుసిన్యాన్ అనే కోట ఉండేది. దాన్ని కట్టించింది మెలూసీన్ అనే స్త్రీ అని ప్రతీతి. వేటలో పొరపాటున తన ప్రభువునే చంపి, దిక్కుతోచక అడవిలో తిరుగుతున్న రేమోందాన్ అనే యువకుడికి ఆమె ఒక ఊట దగ్గర కనిపించి, తనను పెళ్లాడితే కష్టం గట్టెక్కిస్తానంటుంది. షరతు ఒకటే: శనివారం నాడు ఆమె ఎక్కడుందో అతడు చూడకూడదు, ఎవరినీ అడగకూడదు. ఆమె సలహా మీద అతడు కొత్త ప్రభువును లేడి తోలు పరిచినంత మేర నేల అడుగుతాడు. ఇంతేనా అని ప్రభువు ఒప్పుకుంటాడు. తోలును దారంలా సన్నగా కోయించి చుట్టూ లాగేసరికి ఒక కోటకు, దాని పొలాలకు సరిపడా భూమి దాని లోపలికి వస్తుంది.

పదిమంది కొడుకులు పుడతారు. అయితే దాదాపు అందరికీ ఏదో ఒక వింత గుర్తు ఉంటుంది. ఒకడికి నోటినుంచి పందికోరలా పొడుచుకువచ్చిన పన్ను. ఒక శనివారం అన్న చెప్పిన చాడీలు విని రేమోందాన్ కత్తిమొనతో తలుపుకు రంధ్రం చేసి చూస్తాడు: నీళ్ల తొట్టిలో కూర్చుని తల దువ్వుకుంటున్న భార్యకు నడుము కింద పాము తోక. అప్పటికి అతడు నోరు మెదపడు, ఆమె కూడా తెలియనట్టే ఉంటుంది. ఈ కథలో నాకు నచ్చేది ఆ మౌనమే. కోరపన్ను కొడుకు ఒక మఠాన్ని, అందులో సన్యాసిగా ఉన్న సొంత తమ్ముణ్ణి తగలబెట్టాడని విన్న రోజు, దుఃఖం పట్టలేక అతడు నలుగురిలో ఆమెను "పామా" అని తిడతాడు. షరతు అసలు తెగింది అప్పుడు. ఆమె కిటికీలోంచి ఎగిరి, రెక్కల సర్పమై కోట చుట్టూ ఏడుస్తూ తిరిగి వెళ్లిపోతుంది. రాత్రివేళ పసిబిడ్డలకు పాలివ్వడానికి మాత్రం వచ్చిపోతుందని దాదులు చెప్పుకుంటారు.

ఈ గాథను జాన్ దరాస్ అనే రచయిత 1390ల తొలి ఏళ్లలో బెర్రీ ప్రభువు కోసం గ్రంథంగా రాశాడు. ఆ ప్రభువు అంతకు కొన్నేళ్ల ముందే లుసిన్యాన్ కోటను ఇంగ్లిషువారి నుంచి గెలుచుకున్నాడు, కనుక కోట తనకు న్యాయంగా చెందుతుందని చాటుకోవడానికి వంశమూలం కథ అవసరమైంది. ఆయన కోసమే చిత్రించిన ప్రార్థనా గ్రంథంలో మార్చి నెల బొమ్మలో, కింద రైతు నాగలి దున్నుతుంటే, కోట బురుజు మీద బంగారు రంగు సర్పం ఎగురుతూ కనిపిస్తుంది. అసలు లుసిన్యాన్ వంశస్థులు మాత్రం క్రూసేడు యుద్ధాలకు వెళ్లి జెరూసలేములో, సైప్రస్‌లో నిజంగానే రాజులయ్యారు. వంశానికి నాగమూలం ఉందని చెప్పుకోవడం వారికి చిన్నతనం కాలేదు, గొప్పయింది.

ప్రశ్న: మా కాలేజీ నడుస్తున్నది పూర్వపు రాజావారి భవనంలోనే. ఇక్కడ సంస్థానాలు పోయి చాలా కాలమైంది. ఫ్రాన్సులో రాజరికం పోయినా పత్రికల్లో ఇంకా ప్రిన్సులు, డ్యూకులు కనిపిస్తున్నారు. ఎలా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, వనపర్తి

జవాబు: వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల అధికారం 1949 నాటి జాగీర్ల రద్దుతో ముగిసింది. మన రాజ్యాంగం 18వ అధికరణ బిరుదులివ్వడాన్ని నిషేధించింది. మాజీ పాలకుల గుర్తింపును, రాజభరణాలను 1971లో 26వ సవరణ తొలగించింది. ఫ్రాన్సు దారి ఇంత తిన్నగా సాగలేదు. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల ప్రత్యేక హక్కులు పోయాయి, 1790 జూన్ 19న వంశపారంపర్య బిరుదులే రద్దయ్యాయి. 1808లో నెపోలియన్ కొత్త బిరుదులు సృష్టించాడు, తిరిగొచ్చిన రాజులు పాతవాటిని కూడా నిలబెట్టారు, 1848 విప్లవం మళ్లీ రద్దు చేసింది, 1852లో మూడో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. ఆ తరువాత వచ్చిన గణతంత్రం కొత్తవి ఇవ్వలేదు, పాతవాటిని తుడిచిపెట్టనూ లేదు. ఇప్పుడు బిరుదు పేరుకు తోకగా మాత్రమే మిగిలింది. వారసుడు పత్రాలు చూపితే న్యాయశాఖ సరిచూసి ధ్రువీకరిస్తుంది, గుర్తింపు కార్డు మీద రాయించుకోవచ్చు. దానివల్ల భూమి రాదు, పన్ను తగ్గదు, ఓటు పెరగదు.

రాజవంశాల విషయంలో మాత్రం గణతంత్రం చాలాకాలం జంకింది. 1886లో ఓర్లేయాన్ ఇంటి ఆడపిల్లకు పోర్చుగల్ యువరాజుతో నిశ్చయమైన సందర్భంగా పారిస్‌లో జరిగిన విందు ఆర్భాటం చూసి, గతంలో ఏలిన వంశాల పెద్దలు, వారి జ్యేష్ఠ వారసులు దేశంలో ఉండరాదని చట్టం చేశారు. దాన్ని ఎత్తివేసింది 1950లో. నేటికీ బూర్బోన్, ఓర్లేయాన్, బోనపార్ట్ వంశాల వారసులను సమర్థించే చిన్న చిన్న వర్గాలున్నాయి, అయితే అది ఎన్నికలను కదిలించే సంగతి కాదు.

నెపోలియన్ ఇచ్చిన బిరుదులలో ఒకటి చెప్పుకోదగ్గది. పూటకూళ్ల ఇల్లు నడిపేవాడి కొడుకు జోఅకీం మ్యురా గుర్రపు దండులో పైకొచ్చి, నెపోలియన్ చెల్లెల్ని పెళ్లాడి, 1805లో ప్రిన్స్, 1808లో నేపుల్స్‌కు రాజు అయ్యాడు. 1815లో అతణ్ణి కాల్చి చంపారు. వంశం మాత్రం ప్రిన్స్ మ్యురా అన్న బిరుదుతో కొనసాగింది.

ప్రశ్న: ఫ్రాన్సు అధ్యక్షుడు కూడా రాకుమారుడేనని ఒక క్విజ్‌లో విన్నాను. నిజమేనా?
– సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే, అయితే ఫ్రాన్సులో కాదు. ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దు కొండల్లోని అండోరాకు 1278 ఒప్పందం ప్రకారం ఇద్దరు ప్రభువులు: ఉర్జెల్ బిషప్పు, ఫ్వా కౌంటు. కౌంటు హక్కు వారసత్వంగా నవార్ రాజులకు, వారిలో నాలుగో హెన్రీ ఫ్రాన్సుకు కూడా రాజు కావడంతో ఫ్రెంచి రాజ్యాధినేతకు సంక్రమించింది. రాజులు పోయాక అది అధ్యక్షుడి చేతికొచ్చింది. అండోరా ప్రజలు ఓటు వేయని ఎన్నికలో గెలిచినవాడు వారి సహ రాకుమారుడవుతాడు. ఇక మొనాకోలో ప్రిన్స్ అంటే ఏలిక అతడే, పైన రాజు లేడు. అక్కడ 2014 డిసెంబరు 10న పుట్టిన కవలలలో అమ్మాయి రెండు నిమిషాలు పెద్దది, కానీ మగబిడ్డకు ముందు హక్కు కాబట్టి వారసుడు తమ్ముడే. ఫ్రెంచి మాట్లాడే మరో రాజ్యం బెల్జియం 1991లోనే ఈ భేదం తీసివేసింది. ఇప్పుడు అక్కడ వారసురాలు రాజు పెద్దకూతురు.

ప్రశ్న: జనవరిలో ఫ్రెంచివాళ్లు కేకు కోసి రాజును ఎన్నుకుంటారట. ఏమిటా ఆచారం?
– నారాయణపేట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జనవరి 6 పండుగకు బాదం ముద్ద నింపిన పొరల రొట్టె చేస్తారు. లోపల ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు, పూర్వం చిక్కుడు గింజ ఉండేది. ఇంట్లో అందరికంటే చిన్న పిల్లవాడు బల్ల కింద దూరి, ఏ ముక్క ఎవరికో అక్కడినుంచే పేర్లు పిలుస్తాడు. బొమ్మ వచ్చినవారికి కాగితపు కిరీటం. అధ్యక్ష భవనంలో కోసే రొట్టెలో మాత్రం బొమ్మ పెట్టరు. గణతంత్రాధ్యక్షుడికి కిరీటం దక్కితే బాగుండదు కదా.

ప్రశ్న: హైదరాబాద్ చరిత్రలో వచ్చే బుస్సీ, రేమండ్ కూడా ఫ్రెంచి రాకుమారులేనా?
– దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరూ కారు. 1751లో దక్కనుకు వచ్చి సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించిన బుస్సీ మార్క్వి, అంటే డ్యూకు కంటే కింది మెట్టు. వెర్సాయ్‌లో అతడి ఇంటి ఆడవారికి పీట కూడా దొరకదు. రేమండ్‌కు వంశగౌరవం కన్నా నిజాం సైన్యంలో సంపాదించుకున్న పేరే ఎక్కువ. 1798లో అతడు చనిపోయిన కొద్ది నెలలకే అతడి దళాన్ని ఆంగ్లేయులు రద్దు చేయించారు. మూసారాంబాగ్ అన్న పేరు అతడిదే, సమాధి కూడా ఆ దగ్గరలోని గుట్ట మీద ఉంది.